సున్నా వేరు, ఖాళీ వేరు

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన పేరు ఈ గంటసేపూ నేను పలకను. బతికుండగా తన పేరు మైకులో వినబడితే ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవారు. కరపత్రం మీద ఉంది, చాలు. నాకు ఆయన సారు. ఈ హాల్లో సగంమందికీ సారే. హైస్కూల్లో లెక్కలు చెప్పారు. పెరట్లో ఒక రెయిన్‌గేజ్ పాతుకుని, 31 సంవత్సరాలు పొద్దున ఎనిమిదిన్నరకు దాన్ని చదివి నోటుపుస్తకంలో ఎక్కించారు. నాలుగు పుస్తకాలు నిండాయి. అయిదోది సగంలో ఉంది.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం ‘వాతావరణ మార్పు, ఆహార భద్రత’. దానికి నేనొక తోక తగిలించాను: ఆ పని చేస్తూ మతి పోగొట్టుకోకుండా ఉండడం ఎట్లా అని. ఫోన్లో కార్యదర్శిగారు కాసేపు పలకలేదు. “అది మానసిక వైద్యుల సబ్జెక్టు కదా మేడం” అన్నారు. వైద్యుల దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళాలి. నేనూ వెళ్ళాను, దాచుకోవాల్సిందేం లేదు. కాకపోతే పని ఎట్లా చేస్తే ఆ గడప తొక్కే రోజు వెనక్కి జరుగుతుందో, అది పనివాళ్ళు పనివాళ్ళతో చెప్పుకోవాల్సిన సంగతి.

పనివాళ్ళంటే శాస్త్రవేత్తలే అనుకోకండి. చేలో ముగ్గు పోసినట్టు కొలతలు వేసి పంట కోత ప్రయోగం చేసే ఉద్యోగి ఉన్నాడు. ఎండిన చేను గట్టున నిలబడి పంట నష్టం జాబితా రాసే గ్రామ వ్యవసాయ సహాయకుడు ఉన్నాడు. పిల్లను తూకం వేసి, చార్టులో చుక్క పచ్చరంగు దాటి కిందికి జారడం నెలనెలా చూసే అంగన్‌వాడీ టీచరు ఉంది. కరువు వార్త రాసి రాసి వాక్యాలు అరిగిపోయిన విలేకరి ఉన్నాడు. వీళ్ళెవరికీ ఎవరూ ‘ఎట్లా ఉన్నావు’ అని అడగరు. ‘లిస్టు పంపావా’ అని అడుగుతారు.

పెద్ద అంకెలు రెండే చెప్పి వదిలేస్తాను. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్ళు 67 కోట్ల పైచిలుకు. అదే ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే 1.5 డిగ్రీలు దాటింది. రికార్డుల్లో అట్లా దాటిన మొదటి కేలండర్ సంవత్సరం అదే. ఇంతకంటే పెద్ద అంకెలు భుజాన వేసుకుని నేను కొన్నాళ్ళు తిరిగాను. ఆ కథ కాసేపట్లో వస్తుంది.

ముందు ఒక మాట గురించి. ఆస్ట్రేలియాలో గ్లెన్ ఆల్బ్రెక్ట్ అనే తత్త్వవేత్త, బొగ్గు గనులు తవ్వేసిన లోయలో బతికే మనుషుల్ని చూసి, ఇల్లు వదలకుండానే ఇంటిమీద బెంగ పట్టుకోవడానికి ఒక కొత్త మాట కట్టాడు: సొలాస్టాల్జియా. మంచి మాటే. మన ఊళ్ళలో అంత శ్రమ అక్కర్లేదు, మనాది ఉంది. మనోవ్యాధి జనం నోట్లో నలిగి మనాది అయింది. ఎద్దు పోయినా మనాదే, బోరు ఎండినా మనాదే, కొడుకు బెంగుళూరు పోయి ఫోన్ చేయకపోయినా మనాదే. ఆ మాటలో ఒక వెసులుబాటు గమనించండి. మనాది పెట్టుకున్నవాణ్ణి ఊళ్ళో ఎవరూ పిచ్చోడనరు. పక్కన కూర్చుని బీడీ అందిస్తారు, లేదా ముద్ద తినమని పోరు పెడతారు. 2021లో పది దేశాల్లో, మనదేశం కూడా అందులో ఉంది, 10,000 మంది కుర్రకారును అడిగితే నూటికి 59 మంది వాతావరణం గురించి చాలా లేదా విపరీతంగా దిగులు పడుతున్నామన్నారు. వాళ్ళకు రోగం పేరు దొరికింది. పక్కన కూర్చునేవాళ్ళు ఎంతమందికి దొరికారో ఆ సర్వేలో ప్రశ్న లేదు.

సరైన పేరు పెట్టడానికి ఉద్యోగాలు పణంగా పెట్టిన మనుషులున్నారు. 1832-33లో గుంటూరు ప్రాంతంలో కరువొచ్చింది. నందన సంవత్సరం కాబట్టి నందన కరువన్నారు, డొక్కల కరువన్నారు. సుమారు అయిదు లక్షల జనాభాలో కనీసం లక్షన్నర మంది పోయారు. ఆ రోజుల్లో సి.పి. బ్రౌన్ గుంటూరులో కంపెనీ అధికారి. పైవాళ్ళు ‘స్కేర్సిటీ’ అనే మాటతో సరిపెట్టుకుంటున్నారు, అంటే కొరత. బ్రౌన్ తన ఉత్తరాల్లో ‘ఫామిన్’ అని రాశాడు. కరువు అని. కొరత అంటే బజార్లో సరుకు తక్కువ, వారంలో వస్తుంది. కరువు అంటే ప్రభుత్వం గోదాములు తెరవాలి, ఖజానా విప్పాలి. ఒక్క మాటకు అంత ఖర్చు. పైవాళ్ళతో ఆయన తగువులు ముదిరి కొద్దికాలానికే ఉద్యోగం పోయి ఇంగ్లండ్ చేరాడు. ఈ ఒక్క మాట వల్లే పోయిందని నేననను, ఆయన నోరు మొదటినుంచీ మంచిది కాదు. మూడేళ్ళలో మళ్ళీ మద్రాసు వచ్చాడు. 1852లో అచ్చయిన ఆయన నిఘంటువు మనందరి ఇళ్ళలో ఉంది. డొక్కలు చూసిన మనిషి ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒక్కొక్క తెలుగు మాటకు అర్థం రాసుకుంటూ కూర్చోవడం నాకు వింతగా అనిపించదు. అట్లా కూర్చోకపోతే ఏమయ్యేవాడో అనిపిస్తుంది.

మాట తర్వాత కొలత. ధాత కరువు గురించి మీ అవ్వలు వాళ్ళ అవ్వల దగ్గర విని ఉంటారు. 1876 నుంచి 78 దాకా. అప్పటికి ఈ అనంతపురం జిల్లా లేదు, 1882లో బళ్ళారి నుంచి విడదీశారు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు అన్నీ మాడిపోయాయి. దేశం మొత్తమ్మీద పోయినవాళ్ళు ఏ లెక్కన చూసినా 50 లక్షలకు తగ్గరు. ఆ ఏళ్ళలోనే ఓడల్లో గోధుమలు విదేశాలకు పోతూనే ఉన్నాయి.

1877 మొదట్లో వైస్రాయి రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకు పంపాడు, ఖర్చు తగ్గించమని. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, ఒక అణా. ఆడవాళ్ళకు, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. ఎండలో రోజంతా రాళ్ళు కొట్టాలి. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కష్టం చేసే మనిషికి ఒకటిన్నర పౌను గింజలు, దానిపైన పప్పు, కూరగాయలు ఉండాలని లెక్క కట్టి పెట్టాడు. కొద్ది నెలల్లో మద్రాసు ప్రభుత్వం సగం దారి దిగివచ్చి 570 గ్రాముల ధాన్యం, 43 గ్రాముల పప్పు అంది. 120 గ్రాముల గింజలు, గుప్పెడు పప్పు. ఒక డాక్టరు పోట్లాడి గెలిచింది అంతే. ఆ గుప్పెడు ఎన్ని లక్షల చేతుల్లో పడిందో తలుచుకుంటే అంతేనా అనబుద్ధి కాదు.

నాకు కార్నిష్ కంటే టెంపుల్ ఎక్కువ గుర్తుకొస్తాడు. ఎందుకంటే ఈ టెంపులే 1874లో బీహార్ కరువుకు బర్మా నుంచి బియ్యం తెప్పించి, చావులు దాదాపు లేకుండా జనాన్ని గట్టెక్కించాడు. మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఇంత డబ్బు తగలేస్తావా అని దొరలూ పత్రికలూ దులిపేశారు. మూడేళ్ళలో మద్రాసు వచ్చేసరికి మనిషి మారిపోయాడు. ఆయన్ని వెనకేసుకు రావడానికి ఈ మాట చెప్పడం లేదు. మన పనిలో మతి చెడడం అంటే నిద్రపట్టక ఏడవడం ఒక్కటే అనుకుంటాం. మంచి చేసినందుకు తిట్లు తిని మొద్దుబారిపోవడం కూడా మతి చెడడమే. ఆఫీసుల్లో దానికి సీనియారిటీ అని పేరు. ఎండిన చేను ఫొటో చూసి ‘ఇది పోయినేటిదా, ఈ ఏటిదా’ అని ఆవలించే అధికారిని మీరూ చూసి ఉంటారు. ఆయన కూడా ఒకప్పుడు బుల్లెట్టు మీద ఊరూరా తిరిగినవాడే.

ఇక నా సంగతి.

ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థవాళ్ళు తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల పత్రం ఒకటుంది, ఇంటి ఆకలిని కొలవడానికి. తిండి చాలదేమోనని దిగులు పడ్డారా అని మొదలై, ఒక రోజంతా తినకుండా ఉన్నారా దాకా పోతుంది. మధ్యలో ఒక ప్రశ్న: డబ్బులు గానీ వేరే దారి గానీ లేక ఒక పూట భోజనం మానాల్సి వచ్చిందా? ఆ పత్రాన్ని ట్యాబులో వేసుకుని కదిరి వైపు ఒక ఊళ్ళో ఇల్లిల్లూ తిరుగుతున్నాం. రోజుకు పద్దెనిమిది ఇళ్ళు టార్గెట్టు. ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగే టైముకు వాన మొహం చాటేసింది. కాయలు కాదు, కట్టె కూడా రాలేదు.

ఒక అవ్వ. అరవై దాటి ఉంటుంది. ప్రశ్న అడిగాను.

“మానాల్సిన పని ఏముంది పాపా, శనారం ఒక్కపొద్దు” అంది.

“ముందునించీ ఉంటావా అవ్వా?”

“ముందు శనారం ఒక్కటే. ఇప్పుడు సోమారం గూడా. బేస్తారం సాయిబాబా.” నవ్వింది. “కరువొస్తే దేవుళ్ళు ఎక్కువైతారు పాపా.”

మాకిచ్చిన పుస్తకంలో స్పష్టంగా ఉంది: మతపరమైన ఉపవాసాలు లెక్కలోకి రావు. నేను ‘లేదు’ అని నొక్కాను. కాగితమైతే పక్కన పెన్సిల్‌తో ఏదో రాసేదాన్ని, ట్యాబుకు మార్జిన్ ఉండదు. లేవబోతుంటే అవ్వ చెయ్యి పట్టుకుంది, పొద్దు నడినెత్తికొచ్చింది తినిపో అని. సంగటి ముద్ద, ఊరిబిండి. వద్దంటే తప్పు, తింటే ఇంకో తప్పు. తిన్నాను. అది ఎవరి పూట ముద్దో ఈరోజుకీ అడగలేదు. నేను బయటికొస్తుంటే, “ఇదంతా రాసుకోని ఏం జేస్తావు పాపా?” అంది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ తర్వాత చాలా రాత్రులు. అప్పుడు పెద్ద అంకెలు ఎత్తుకున్నాను. ఫోన్లో ఆరు యాప్‌లు. ఉపగ్రహ చిత్రాలు, పసిఫిక్ సముద్రం వేడి, అరేబియా మేఘాలు, రెండు దేశాల వానల అంచనాలు. రాత్రి రెండింటికి లేచి చూసేదాన్ని, నేను చూడకపోతే మబ్బు దారి తప్పుతుందన్నట్టు. ఒక దగ్గరి చుట్టాల పెళ్ళిలో, ఎంగిలి ఆకుల్లో వదిలేసిన బిరియానీ చూసి, పంక్తిలో అందరి ముందూ ఎవరెవరు ఎంత వదిలారో పేరు పేరునా తిట్టాను. పెళ్ళికూతురు తండ్రి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. మా ఆయన కారు తాళాలు తీసుకున్నాడు. అన్నం వృథా చేయకూడదనడం తప్పు కాదు. కానీ నేను తిట్టింది అన్నం గురించి కాదని ఆ పంక్తిలో పిల్లలకు కూడా తెలిసిపోయింది.

ఎవరో సారుకు చెప్పారు. కబురు పంపారు. వెళ్ళాను.

పెరట్లోకి తీసుకెళ్ళి నోటుపుస్తకం చేతిలో పెట్టారు. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. “జూలై చదువు” అన్నారు. చదివాను. 0.0, 0.0, 0.0, 1.8, 0.0, 0.0. పేజీ పొడుగునా అదే. “వాన లేని రోజున ఎందుకు రాయడం సార్, వదిలేయొచ్చు కదా” అన్నాను. పదో తరగతిలో తప్పు చేస్తే చూసిన చూపే చూశారు.

“అమ్మాయ్, సున్నా వేరు, ఖాళీ వేరు. సున్నా అంటే నేను పోయి చూశాను, వాన లేదు. ఖాళీ అంటే నేను చూడలేదు. వందేళ్ళ తర్వాత ఎవడో ఈ పుస్తకం తెరుస్తాడు. వాడికి ఈ రెంటికీ తేడా తెలియకపోతే నా బతుకంతా దండగ.”

తర్వాత అవ్వ సంగతి అడిగారు. మొత్తం చెప్పాను. ఆలోచించి అన్నారు: “నువ్వు అక్కడ రాసింది సున్నా. రాయాల్సింది ఖాళీ. నీకు తెలియనిదాన్ని తెలిసినట్టు రాశావు. నిద్ర అందుకే పట్టడం లేదు. తప్పు లెక్క చేసి పడుకుంటే నాకూ పట్టదు. పోయి సరిచెయ్.”

నా మనాదికి వైద్యం అంత తేలిక కాలేదు, మాత్రలూ వాడాను. కానీ ఆ రోజు నాకొక పని దొరికింది. మళ్ళీ ఆ మండలానికి పోయి, ఆ ఎనిమిది ప్రశ్నల వెనక మా సొంత ప్రశ్న ఒకటి చేర్చాం: వారంలో ఏ ఏ రోజులు ఒక్కపొద్దు ఉంటారు, ఏ ఏటినుంచి? అవ్వ చెప్పిన దేవుళ్ళ లెక్క అన్నమాట. ఒక్క మండలం అంకె పట్టుకుని జిల్లాకంతా పూయకూడదు కాబట్టి ఫలితం ఇక్కడ చెప్పను. ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆడవాళ్ళు నవ్విన తీరు మాత్రం అన్ని ఊళ్ళలోనూ ఒకటే. మేం తిరిగి వెళ్ళి, లెక్క తేలాక రచ్చబండ దగ్గర చదివి వినిపించాం. అవ్వ ముందు వరసలో కూర్చుంది. “ఇదా నువ్వు జేసేది” అంది. అది మెప్పో వెక్కిరింతో నాకు తెలియదు, నిద్ర మాత్రం పట్టింది.

సారు చెప్పిన రెండో మాట ఎనిమిదిన్నర. దేశంలో వాతావరణ శాఖ వానకొలత చదివే సమయం అది, ఆయనదీ అదే. “కొలిచే టైముకు కొలువు. మిగతా టైములో ఆకాశం జోలికి పోకు. నువ్వు చూసినంత మాత్రాన రాదు, చూడకపోతే ఆగదు.” ఆ తర్వాత ఆయన వంగచెట్లకు నీళ్ళు పోసేవారు, పేపరు చదివేవారు, రేడియో పెట్టుకునేవారు. బాధలేని మనిషేం కాదు. సొంత చెనక్కాయ చేను ఎన్నిసార్లు ఎండిపోయిందో లెక్క ఆయన దగ్గరే ఉంది, విడిగా, వేరే పుస్తకంలో. రెండు పుస్తకాలూ ఒకే రోజు తెరిచేవారు కాదు. నేను యాప్‌లు అయిదు తీసేశాను. ఒకటి ఉంచాను. పొద్దున చూస్తాను.

2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది గుర్తుందా? పసిఫిక్‌లో ఎల్ నీనో తలెత్తింది, ఇక్కడ ధరలు పెరుగుతున్నాయి. అమెరికాలో మనవాళ్ళు ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరారు. మా చెల్లెలి కొడుకు డాలస్ నుంచి ఫోను: “పెద్దమ్మా, సోనామసూరి ఎన్ని బస్తాలు కొని పెట్టమంటావు? నువ్వు ఈ ఫీల్డే కదా.” ఇంట్లో ఉండేది ఇద్దరు, రాత్రిపూట చపాతీ. “ఒకటి” అన్నాను. వాడు ఏడు తెచ్చాడు. మరుసటి ఏడు సెప్టెంబరు ఆఖర్లో నిషేధం తీసేశారు, వాడి గ్యారేజీలో పురుగు పట్టింది. నేను నవ్వానుగానీ, రాత్రి రెండింటికి మబ్బులు చూడడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. నిషేధం పెట్టిన ఆ నెల్లోనే మన రేషన్ షాపు ముందు నిలబడ్డవాళ్ళది మాత్రం వేరే భయం. వాళ్ళకు గ్యారేజీ ఉండదు.

పసిఫిక్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకాయన్ని తలుచుకోవాలి. ధాత కరువు తర్వాత, 1899 కరువు తర్వాత, దొరలకు వాన ఎప్పుడు ఎగ్గొడుతుందో ముందే తెలుసుకోవాలనిపించింది. 1904లో గిల్బర్ట్ వాకర్‌ను భారత వాతావరణ శాఖకు అధిపతిగా తెచ్చారు. ఆయన అసలు వాతావరణ శాస్త్రవేత్తే కాదు, కేంబ్రిడ్జి గణితజ్ఞుడు. విసిరితే తిరిగొచ్చే ఆస్ట్రేలియా కట్టెల మీద పరిశోధన చేసి బూమరాంగ్ వాకర్ అనిపించుకున్నాడు, పిల్లనగ్రోవులంటే పిచ్చి. ఇరవై ఏళ్ళు ఇక్కడి గుమాస్తాల చేత ప్రపంచమంతా ఉన్న స్టేషన్ల గాలి ఒత్తిడి, వాన, వేడి అంకెలు చేత్తో లెక్కలు కట్టించాడు. అప్పగించిన పని, అంటే రుతుపవనాన్ని ముందుగా చెప్పడం, ఆయన వల్ల కాలేదు. ఆ లెక్కల్లోంచి బయటపడింది వేరొకటి: పసిఫిక్‌కు ఒక దరిని ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది, ఉయ్యాలలాగా. దానికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. అది ఎల్ నీనోకు జంట అని తేలేసరికి 1969 అయింది, ఆయన పోయి పదేళ్ళు దాటింది. ఇవాళ మన టీవీల్లో ఎల్ నీనో అని చదివే ప్రతి అమ్మాయీ ఆ గుమాస్తాల గోధుమరంగు కాగితాలకు బాకీ. వాళ్ళు ఎన్ని సున్నాలు రాసి ఉంటారో.

ఇప్పుడు ఈ నేల గురించి. మనకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయి వస్తుంది, ఈశాన్యం ఇంతదూరం రాకముందే అలిసిపోతుంది. సారు క్లాసులో చెప్పే లెక్క: ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు పడితే నాలుగు వేల లీటర్లు, ఒక ట్రాక్టరు ట్యాంకరు. అంటే మన ఎకరాకు ఏటా 550 ట్యాంకర్లు దిగుతాయి. తక్కువేం కాదు. దిగే తారీఖులే మన చేతిలో లేవు. అట్లాంటి నేలలో ఉమ్మడి జిల్లా ఒక దశలో ఎనిమిది లక్షల హెక్టార్లు దాటి ఒక్కటే పంట వేసింది, వేరుశనగ. ఊడలు దిగేటప్పుడు ఇరవై రోజులు వాన లేకపోతే జిల్లా జిల్లా ఒకేసారి కూలబడుతుంది. ఆ కూలబాటులో వాతావరణ మార్పు వాటా ఎంత, మన ఎంపిక వాటా ఎంత అని విడదీయకుండా అంతా ఆకాశం మీదికి నెట్టేస్తే మనకు చేయడానికి ఏమీ మిగలదు. చేయడానికేమీ లేదనుకున్న చోటే మనిషి మతి జారుతుంది.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఆకలిని ఆపింది, దాన్ని తక్కువ చేసే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. అదే బియ్యం కొర్రను, అరికను, సామను కంచంలోంచి నెట్టేసింది, అదీ నిజమే. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు 90ల నడుమ జొన్నలతో తమ సొంత రేషను నడిపారు. నీళ్ళు, ఎరువులు అడక్కుండా పండేవాటిని వాళ్ళు సత్యం పంటలంటారు. వాళ్ళతో నాలుగు దశాబ్దాలు నడిచిన పి.వి. సతీష్ 2023 మార్చి 19న పోయారు, ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంటున్నప్పుడే. ఏటా సంక్రాంతికి మొదలై ఊరూరా తిరిగే వాళ్ళ పాత పంటల జాతరకు ఒకసారి వెళ్ళాను. అలంకరించిన ఎడ్లబండ్లు, బుట్టల్లో విత్తనాలు, డప్పు. విత్తనాన్ని కాపాడడం పనైతే దాన్ని ఊరేగించడం కూడా పనిలో భాగమే వాళ్ళకు. మా వర్క్‌షాపుల్లో ఆఖరి గంట ఎప్పుడూ ‘సవాళ్ళు’ అనే స్లైడు. డప్పు పెట్టాలని నాకు అప్పుడనిపించింది.

మన దగ్గర తిరుగుతున్న ప్రకృతి వ్యవసాయంవాళ్ళు వానలకు ముందే పొడిదుక్కిలో నవధాన్యాలు చల్లిస్తున్నారు, మట్టి, పేడ పూసిన గుళికలుగా. 2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. వాళ్ళ దిగుబడి లెక్కలతో నాకు కొన్ని పేచీలున్నాయి, వాళ్ళ ముందే చెబుతాను, ఇక్కడ కాదు. మే నెలలో జిల్లా అంతా గోధుమరంగులో ఉన్నప్పుడు ఒక్క ఎకరా పచ్చగా కనబడితే పేచీలు మరిచిపోతానన్నది కూడా ఒప్పుకుంటాను.

నాతో పనిచేయడానికి వచ్చే పిల్లలకు కొన్ని మాటలు చెబుతుంటాను. సర్వేకు ఒంటరిగా పోవద్దు. సద్ది కట్టుకుపోండి, ఎవరైనా పిలిస్తే కలిపి తినండి. ఏ ఊళ్ళో లెక్క తీశారో ఆ ఊరికి లెక్క తిరిగివ్వండి, లేకపోతే దొంగతనంలాగా గుచ్చుకుంటుంది. ఇంట్లో వండుకోండి. పెద్ద పెద్ద ప్రాజెక్టు రిపోర్టులు రాసి రాత్రి నూడుల్సు తినే కుర్రాణ్ణి నేను నమ్మను.

కానీ భారమంతా ఆ పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. పేరెందుకుగానీ, నేను కొన్నాళ్ళు పనిచేసిన ఒక సంస్థ ఎన్యుమరేటర్లకు మూడు నెలలు జీతాలు ఆపి, నాలుగో నెల ఒత్తిడి తగ్గించుకోవడం ఎట్లా అని హోటల్లో రెండు రోజుల శిబిరం పెట్టింది. కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమన్నారు. మా పక్కన కూర్చున్న కుర్రాడు కళ్ళు మూసుకుని ఇంటి అద్దె లెక్క వేసుకున్నాడు. పదకొండు నెలల కాంట్రాక్టు, రోజుకు పద్దెనిమిది ఇళ్ళు, పెట్రోలు సొంతం. ఇట్లా పనిచేయించి పనివాడికి మనోధైర్యం చాలదనడం 450 గ్రాములిచ్చి కూలి బక్కగా ఉన్నాడనడమే.

ఇక ముగిస్తాను. సారు పోయింది నవంబరులో. ఆస్పత్రిలో ఉన్న రోజులూ, ఆ తర్వాత రోజులూ కలిపి అయిదో పుస్తకంలో తొమ్మిది గీతలు ఖాళీగా ఉన్నాయి. పక్క మండలం అంకెలు తెచ్చి నింపుదామని ఎవరో పెద్దమనిషి అన్నాడు. అమ్మ, అంటే సారు భార్య, ఒప్పుకోలేదు. “ఆయన చూడలేదు, నేనూ చూడలేదు, ఖాళీగానే ఉండనియ్యండి” అంది. పదో రోజు నుంచి ఆమే చదువుతోంది. ఈ పొద్దున నేనూ ఆమె పక్కన నిలబడ్డాను. 0.0.

ఆమెకు రెండు కళ్ళకూ శుక్లాలున్నాయి, కొలగాజు మీద గీతలు కనబడడం లేదు. వచ్చే నెల ఆపరేషను. రోహిణి కార్తె వచ్చేలోపు ఇంకొక మనిషి కావాలి, ఇద్దరైతే మంచిది, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు. జీతం లేదు, కాఫీ ఉంటుంది. ఎనిమిదిన్నరకు రాగలిగినవాళ్ళు సభ అయ్యాక నా దగ్గర పేరు రాయించండి. ఆదివారాలు కూడా రావాలి.